కేక లేకుండా వచ్చిన నీళ్ళు

సూర్యాపేట కొత్త బస్టాండు వెనుక, జిరాక్స్ షాపు మీది గదికి 'అరుణ డిటెక్టివ్ ఏజెన్సీ' అన్న బోర్డు ఉంది. ఆ బోర్డు చూసి మెట్లెక్కేవాళ్ళు ఎక్కువగా పెళ్ళి సంబంధాల వాళ్ళే. అబ్బాయి తాగుతాడా, అమ్మాయి గుణమెట్లాంటిది, ఎప్పుడూ ఇదే గోల. అయినా మా మేడం బుర్ర పాదరసం అని అసిస్టెంటు సంపత్ కనబడ్డ ప్రతివాడికీ చెబుతుంటాడు. వినేవాడికి ఓపిక ఉందా లేదా అన్నది అతనికి అనవసరం.

ఆ మధ్యాహ్నం వచ్చిన మనిషి మాత్రం సంబంధాల మనిషి కాదు. గుమ్మం బయటే చెప్పులు విడిచి, లోపలికొచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మగమనిషి చెప్పుల జత. 

"నా పేరు కమ్లి అమ్మా. చివ్వెంల అవతల తండా మాది. నా పెనిమిటి రెడ్యా పాలబండ మున్సిపాలిటీల నీళ్ళ మోటరు నడిపిస్తుండె. మొన్న పొద్దుగాల మోటరు రూములనే కరెంటు కొట్టి సచ్చిపోయిండు. ఇప్పుడు ఆయనను దొంగ అంటున్నరు."

"దొంగా?" అంది అరుణ.

"మోటరు ఇప్పుకపోనీకి వచ్చి సచ్చిండని పోలీసోళ్ళు రాసుకున్నరు. నట్లు ఇప్పి ఉన్నయంట, పక్కన పానా ఉన్నదంట. తండల తలెత్తుకోలేకపోతున్న. నాకు ఇంకేం వద్దమ్మా. పని చేసుకుంట సచ్చిండు, దొంగతనం చేసుకుంట కాదు. గదొక్కటి చెప్పించున్రి."

"మున్సిపాలిటీ వాళ్ళు ఏమన్నరు?"

"మా మనిషే కాదన్నరు. ఏజెన్సోళ్ళ కాడికి పోతే వాళ్ళు గూడ మా మనిషి కాదన్నరు."

సంపత్‌కు ఒళ్ళు మండింది. "ఏండ్ల సంది ఊరికి నీళ్ళిడిసినోడు ఎవ్వల మనిషి కాకపోతే మరి దయ్యమా?"

కమ్లి తల దించుకుంది. "నౌకరి ఆయన పేరు మీద లేదు సారూ. మిర్యాలగూడల వేణు అని ఉన్నడు. నౌకరి ఆయనది, పని మాది. జీతం ఆయనకు పడితే మాకింత ఇస్తడు."

ఈ బాగోతం ఎవరికి తెలియదు కనుక! నీళ్ళకీ చెత్తకీ మనుషుల్ని మున్సిపాలిటీ తానుగా పెట్టుకోదు. టెండరు దక్కిన ఏజెన్సీ పంపుతుంది. ఏజెన్సీ పంపినవాడు ఇంకో ఊళ్ళో కొట్టు పెట్టుకుని, తన బదులు ఒక పేదవాణ్ణి పంపుతాడు. ఆ చివరివాడే చెమటోడుస్తాడు, చస్తే కరెంటు కొట్టి చస్తాడు. ఊరందరికీ అతను తెలుసు, కాగితానికి తప్ప.

"ఆ చెప్పులు?" అడిగింది అరుణ.

"ఆయనయే. మోటరు రూము బయట గడప పక్కన ఉన్నయని పోలీసాయన తెచ్చిచ్చిండు."

అరుణ ఆ చెప్పులను చాలాసేపు చూసింది. తర్వాత సంపత్‌ను బండి తీయమంది.

పాలబండలో నీళ్ళ సూపర్‌వైజర్ పరశురాములు మోటరు రూము తాళం తీశాడు. నడివయసు మనిషి, కళ్ళ కింద నల్లటి చారలు. సంపత్ బూట్లతో లోపలికి అడుగు పెట్టబోతే గాభరాగా చెయ్యి అడ్డం పెట్టాడు.

"సారూ, బూట్లు! మోటరుకు శుక్రవారం శుక్రవారం మొక్కుతం. చెప్పులతోని లోపటికి ఎవ్వరం పోము."

నిజమే, మోటరుకు పసుపు పూసి బొట్లు పెట్టి ఉన్నాయి. పునాది నట్లు నాలుగూ ఊడదీసి ఉన్నాయి. పక్కన పెద్ద పానా. నేలంతా చెమ్మ. గోడమీది స్టార్టరు పెట్టెలోంచి ఒక తీగ బయటికి వేలాడుతోంది, దానికి గుడ్డపేలిక చుట్టారు. 

"ఆ పొద్దు నువ్వెక్కడున్నవ్?"

"కోదాడల మా అక్క ఇంటికాడ మేడం. పొద్దెక్కినంక ఫోనొస్తే ఉరికొచ్చిన. అప్పటికే పోలీసోళ్ళున్నరు."

"నీళ్ళు ఎట్ల ఇడుస్తరు ఇక్కడ?"

అది తనకు తెలిసిన సంగతి కాబట్టి అతని గొంతు కుదుటపడింది. "తెల్లారంగ మోటరేస్తం, ట్యాంకు నిండుతది. అటెన్క గల్లీల వాల్వ్ తిప్పితే నల్లలకు పోతయ్. సాయంత్రానికి ట్యాంకుల చుక్క మిగలదు."

"వాల్వ్ ఎవరు తిప్పుతరు?"

"రెడ్యా..." అని నాలుక కరుచుకున్నాడు. "అంటే వేణు. లేకుంటే నేను. బండ కింద ఉంటది, ఇంకోలకు తెల్వదు."

ఆ గల్లీలోనే బాలనర్సమ్మ అనే ముసలావిడ అరుగు మీద కూర్చుని చింతపండు పిక్క తీస్తోంది. అరుణ పక్కన కూర్చుని తనూ నాలుగు పిక్కలు తీసింది.

"రెడ్యా సచ్చిపోయిన దినం నీళ్ళొచ్చినయా అవ్వా?"

"వచ్చినయ్ బిడ్డా. వచ్చి ఏం ఫాయిదా? ఆ పోరడు రోజు 'నీళ్ళమ్మో' అని కేకేసి వాల్వ్ తిప్పుతుండె. ఇనంగనే బిందె పెడుతుంటిమి. ఆ దినం కేక లేదు, పాడు లేదు. నేను సూసేసరికి సగం నీళ్ళు మోరిల కలిసినయ్. తిట్టుకున్న వాణ్ణి. సచ్చిండని నాకేమెరుక? నా నోట్ల మన్ను వడ!"

బండి దగ్గరికి వచ్చాక సంపత్ విసుక్కున్నాడు. "నీళ్ళ ముచ్చట మనకెందుకు మేడం?"

"ఆ నీళ్ళే రెడ్యా దిక్కు సాక్షి, సంపత్."

అతనికి ముక్క అర్థం కాలేదు. అయినా ఆహా అనుకున్నాడు.

మిర్యాలగూడలో వేణు మొబైల్ షాపు నడుపుతున్నాడు. అరుణ రెడ్యా పేరు ఎత్తగానే షట్టరు సగం దించి ఏడ్చాడు. "కాగితం మీద ఆ పొద్దు డ్యూటీల ఉన్నది నేను మేడం. సచ్చిందేమో ఆయన. నేను నోరిప్పితే నా నౌకరి పోతది. ఎప్పటికన్న పర్మినెంట్ చేస్తరని గింత ఆశ." అతని మీద జాలిపడాలో చెంప పగలగొట్టాలో సంపత్‌కు తెలియలేదు.

కోదాడలో ఏజెన్సీ యజమాని సుధాకర్ ఏసీ గదిలో కూర్చోబెట్టి మర్యాద చేశాడు.

"చూడండి మేడం, అగ్రిమెంటులో స్పష్టంగా ఉంది. పేరున్న మనిషి తప్ప ఇంకొకడు పనిచేస్తే కాంట్రాక్టు రద్దు. మళ్ళీ టెండరు వెయ్యనివ్వరు. అలాంటి పనులు మేమెందుకు చేస్తామండీ?"

"అంటే రెడ్యా పనివాడైతే మీ ఏజెన్సీ పోతుంది. దొంగైతే ఉంటుంది."

"అర్థాలు మీరు తీస్తుంటే నేనేం చెయ్యనండీ? టీ తాగుతారా?"

అరుణ తాగలేదు.

మర్నాడు ఉదయం అందరినీ మోటరు రూము ముందుకు రప్పించింది. కమిషనర్ కవిత, ఎస్సై, సుధాకర్, వేణు, పరశురాములు వచ్చారు. కమ్లి ఆ చెప్పుల కవరుతో ఓ పక్కన నిలబడింది. వెనక గల్లీ ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో మూగారు. రెడ్యా పోయిన మర్నాటి నుంచీ నల్లాలు రావడం లేదు మరి.

"ఎస్సై గారూ, రెడ్యా నట్లు విప్పుతూ షాక్ తిన్నాడని మీరు రాశారు. మరి ఆ పొద్దు ఊరికి నీళ్ళు ఎట్లా వచ్చాయి? ముందురోజు సాయంత్రానికే ట్యాంకు ఖాళీ. అంటే ఆ తెల్లవారి మోటరు నడిచింది. నట్లు లేని మోటరు నిలబడి నడవదు. కాబట్టి అతను పోయాకే నట్లు ఊడాయి."

ఎస్సై టోపీ తీసి తల గోక్కున్నాడు.

"ఇంకోటి. రెడ్యా చెప్పులు గడప బయట ఉన్నాయి. మోటరు దొంగిలించబోయేవాడు దానికి మొక్కి, చెప్పులు విడిచి లోపలికి పోడు. మొక్కేవాడే పోతాడు. తడి నేల, ఒట్టి కాళ్ళు, పేలిక చుట్టిన తీగ. ట్యాంకు నిండాక మోటరు ఆపబోయి చనిపోయాడు. అంటే వాల్వ్ తిప్పేలోపే పోయాడు. అయినా నీళ్ళు వచ్చాయి, కేక లేకుండా. ఆ వాల్వ్ సంగతి తెలిసింది ఇద్దరికే. ఒకరు లోపల శవమై ఉన్నారు."

అందరి కళ్ళూ పరశురాములు మీద పడ్డాయి. అతను నిలబడ్డచోటే కూలబడ్డాడు.

"కోదాడకు పోలేదు మేడం. ముందుగాల సూసింది నేనే. సుధాకర్ సారుకు ఫోన్ చేస్తే దొంగ లెక్క చెయ్యి, లేకుంటే నీతోటి అందరి నౌకర్లు ఖతం అన్నడు. నేను గూడ అవుట్‌సోర్సింగే. మోటరు బందుచేసి నట్లు నేనే ఇప్పిన."

"మరి వాల్వ్ ఎందుకు తిప్పినవ్?"

అతను ఆడవాళ్ళ బిందెల వైపు చూశాడు. "ట్యాంకు నిండుగున్నది మేడం. నీళ్ళిడిసే యాళ్ళయింది. ఇడవకుంటే ఎట్ల? చెయ్యి ఊకోలేదు. రెడ్యా లెక్క కేకేద్దామనుకున్న, గొంతు రాలే."

సంపత్ చప్పట్లు కొట్టబోయి, కమ్లి మొహం చూసి చేతులు దించాడు.

"ఫోన్‌లో నేనేమన్నానో ఎవరు విన్నారండీ?" అన్నాడు సుధాకర్, ఎప్పటి మర్యాదతోనే.

"ఆ సంగతి స్టేషన్‌ల చూద్దాం," అంటూ ఎస్సై పరశురాములు రెక్క పట్టి లేపాడు. సుధాకర్ రెక్క మాత్రం ముట్టుకోలేదు. "దొంగతనం కేసు తీసేస్తనమ్మా. బయటి వ్యక్తి కరెంటు షాక్‌తో మృతి అని రాస్తం."

"బయటి వ్యక్తా?" అంది కమ్లి. "లోపట పని చేసుకుంట సచ్చిండు కదా సారూ!"

ఎస్సై కమిషనర్ వైపు చూశాడు. కవిత చెడ్డ మనిషి కాదు, ఆమె కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. "మంజూరైన పేర్లలో ఆయన లేడమ్మా. లేని మనిషి మా దగ్గర పనిచేశాడని నేనెట్లా రాస్తాను?"

"ఆ తీగ ఎవరు బాగుచెయ్యాలి?" అడిగింది అరుణ.

"నిర్వహణ ఏజెన్సీదే," అంది కవిత.

"మాది మనుషుల కాంట్రాక్టేనండీ, తీగలు మున్సిపాలిటీవే," అన్నాడు సుధాకర్.

"అగ్రిమెంటులో ఉందన్నారుగా! ఈ కాంట్రాక్టు రద్దు చెయ్యండి మరి."

"పైకి రాస్తాను మేడం. కొత్త టెండరు వచ్చేదాకా పాతవాళ్ళే నడపాలి. సొంతంగా ఒక్క మనిషిని పెట్టుకునే అధికారం నాకు లేదు. వేణును మాత్రం ఇవ్వాళే తీసేస్తాను."

వేణు తల పట్టుకున్నాడు. అరుణకు జీవితంలో మొదటిసారి తన తెలివి మీద అసహ్యం వేసింది. ముడి విప్పింది నిజమే. విప్పితే ఇద్దరి కూడు పోయింది, చచ్చినవాడు దొంగ కాకుండా పోయి బయటివాడయ్యాడు, ఏసీ గదిలోవాడు ఏసీ గదిలోనే ఉన్నాడు.

"మీ పంచాయతి మీరు పడున్రి, నీళ్ళ సంగతేంది?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. బిందెలు ఒకదానికొకటి తగిలాయి.

సుధాకర్ గొంతు సవరించుకున్నాడు. "ఈవిడకి మోటరు తెలుసు కదండీ, మొగుడితో వచ్చేది. నట్లు బిగింపిస్తాను. ప్రస్తుతానికి ఈవిడ నడిపితే సరి. పేరు సంగతి తర్వాత చూద్దాం."

కమిషనర్ అవుననలేదు, కాదనలేదు. అరుణ మాత్రం ఒక్క ఉదుటున కమ్లి చెయ్యి పట్టుకుంది. "ఒద్దు. పోకు."

"పోకుంటే ఏం తినాలె అమ్మా? పిల్ల ఉన్నది." కమ్లి నెమ్మదిగా చెయ్యి విడిపించుకుంది. "ఇన్నొద్దులు గూడ ఆయనకు పానం బాగలేకుంటే మోటరు నేనే ఏసిన. వాల్వ్ ఒక్కటి నేర్సుకోవాలె."

మరుసటి తెల్లవారి అరుణ, సంపత్ మళ్ళీ పాలబండ వచ్చారు. ఎవరూ పిలవలేదు. సంపత్ తన డబ్బులతో ఒక రబ్బరు పట్టా కొని, తీసుకెళ్ళి స్టార్టరు కింద పరిచాడు. తీగకు పేలిక అట్లాగే ఉంది.

కమ్లి వచ్చి అలవాటుగా గడప బయట చెప్పులు విడిచింది.

"చెప్పులు ఇడవకు కమ్లీ," అంది అరుణ.

కమ్లి మోటరు మీది పసుపు వంక చూసింది. మళ్ళీ చెప్పులు వేసుకుంది. "తప్పయింది తల్లీ," అని మోటరుకు దండం పెట్టి, చెప్పులతోనే లోపలికి పోయింది. కాసేపటికి మోటరు మూలిగి అందుకుంది. ట్యాంకు నిండి, మోటరు ఆగి, ఆమె ప్రాణాలతో బయటికి వచ్చేదాకా అరుణ గడప దగ్గర నుంచి కదల్లేదు.

తర్వాత గల్లీలో కేక వినిపించింది, సన్నగా, ఆడగొంతుతో. "నీళ్ళమ్మో!"

బాలనర్సమ్మ బిందె నిండుతుంటే అరుణను చూసి నవ్వింది. "ఇయ్యాల నీళ్ళు మంచిగొచ్చినయ్ బిడ్డా."