నూలనుకున్న బట్ట

బడి బస్సు రావడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. ఆరేళ్ల కూతురికి జడ వేద్దామని కూర్చోబెట్టుకున్న తల్లి చేతిలో దువ్వెన ఆగిపోయింది. పిల్ల తల వెనక, దిండుకు ఆనే చోట, జుట్టు తెగి పలచబడింది. మెడ మీద, మోచేతి మడతల్లో ఎర్రటి పొక్కులు నిన్నటికన్నా ఎక్కువయ్యాయి.

“అమ్మా, కొంచెం గోకవా?”

“గోకితే పుండవుతుంది తల్లీ.”

“గోకకపోతే నాకు ఏడుపొస్తోంది.”

నెల రోజులుగా ఇదే వరస. సబ్బు మార్చింది, నూనె మార్చింది, పాలు మాన్పించింది. మందుల షాపులో పనిచేస్తూ అందరికీ పూతమందులిచ్చే ఆమెకు సొంతబిడ్డ దురద మాత్రం అంతు చిక్కడం లేదు. ఏదైనా పెద్ద జబ్బేమోనన్న భయంతో ఆ రోజు బడి మాన్పించి, చర్మ డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

డాక్టరమ్మ పిల్లను అటూ ఇటూ తిప్పి చూసి, గౌను అంచు పట్టుకుంది. “ఇదేం బట్ట?”

“నూలేనండీ. మా అత్తయ్య కుట్టారు. నలభై ఏళ్లు దర్జీ పని చేసిన మనిషి.”

“దిండు గలీబు, పడుకునేటప్పుడు వేసే బట్టలు?”

“అన్నీ ఆవిడే కుట్టారు. ఒకే తానులోవి.”

“నాకైతే నూలులా లేదమ్మా. చెమట పీల్చని బట్ట ఒంటికి అంటుకుని రాసుకుంటుంటే, ఇలాంటి సున్నితమైన చర్మం తట్టుకోలేదు. జుట్టు కూడా ఊడలేదు, రాపిడికి తెగింది. బట్ట మార్చి చూడండి. భయపడకండి, మళ్లీ వస్తుంది.”

పెద్ద జబ్బు కాదన్న ఊరట ఆమెకు వీధి మలుపు దాటేదాకా కూడా నిలవలేదు. ఈ మాట ఇంట్లో ఎలా ఎత్తాలి? అత్తగారికి బట్ట గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. వేళ్ల మధ్య ఒక్కసారి నలిపి ఏది అసలో, ఏది కల్తీనో తేల్చేస్తుందని ఆవిడకు పేరు.

ఇంటికి రాగానే పిల్లకు పాత చొక్కా వేసి పడుకోబెట్టింది. కుట్టుమిషను కింద పడున్న పీలిక ఒకటి తీసుకుని, వంటగదిలో పట్టకారుతో పట్టుకుని స్టవ్ మంటకు చూపించింది. నూలైతే కాగితంలా కాలి బూడిద కావాలి. ఇది ముడుచుకుపోయి, కరిగి, నల్లటి ఉండలా పళ్లెంలో పడింది. ప్లాస్టిక్ కంపు గుప్పున కొట్టింది.

“ఏం కాలుస్తున్నావమ్మాయ్?” అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది.

“ఏం లేదు అత్తయ్యా... డాక్టరు బట్ట చూడమన్నారు.”

“నేను కుట్టిన బట్టా? ఇన్నేళ్ల పనికి పరీక్ష పెడుతున్నావా? నువ్వు షాపు నుంచి వచ్చేదాకా దానికి స్నానం చేయించేది, అన్నం పెట్టేది నేను. దాని మీద ప్రేమ నీ ఒక్కదానికే ఉందా?”

నెల రోజుల బెంగ కోడలి నోట్లోంచి కోపమై వచ్చింది. “ప్రేమ ఉంటే సరిపోతుందా? పిల్ల ఒళ్లు చీరుకుంటోంది! నూలని చెప్పి ఈ చవకబారు బట్ట ఎందుకు తెచ్చారు?”

అత్తగారి ముఖం పాలిపోయింది. ముందుకొచ్చి ఆ నల్లటి ఉండను వేళ్లతో తీసి చూడబోయింది.

“అత్తయ్యా, కాలుతుంది!”

కోడలు ఆ చెయ్యి పక్కకు నెట్టేసరికే ఆవిడ వేలి చివర ఎర్రగా కందిపోయింది. ఆవిడ మాత్రం ఉలిక్కిపడలేదు. అబ్బా అనలేదు.

కోడలు ఆ చెయ్యి లాగి కుళాయి కింద పెట్టింది. “మంట తెలియలేదా?”

నీళ్లు పారుతూనే ఉన్నాయి. అత్తగారు తన వేళ్లకేసి చూసుకుంది. “ఆర్నెల్లయింది. సూది దిగినా తెలియదు, గుడ్డ మీద రక్తం చూస్తేనే తెలుస్తుంది. షాపువాడు నూలన్నాడు. నలిపి చూశాను. ఏమీ తెలియలేదు. ఆ మాట వాడి ముందు ఒప్పుకోలేక తలూపి తెచ్చేశాను.”

“మాకైనా చెప్పాల్సింది కదా!”

“చెబితే మిషను మూల పెడతారు. ఆ తర్వాత ఈ ఇంట్లో నేను దేనికి?” ఆవిడ కుళాయి కట్టేసింది. “నా చేతుల్తోనే దాని ఒళ్లు పాడు చేశానే!”

షాపుకొచ్చే ముసలివాళ్లందరినీ ‘షుగరుందా? వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయా?’ అని ఆరా తీసే కోడలు, ఒకే కప్పు కింద ఉన్న మనిషిని ఒక్కనాడూ అడగలేదు. తడిచేతులతోనే అత్తగారిని దగ్గరికి తీసుకుంది. “తప్పు నాదీ ఉంది అత్తయ్యా. రేపే రక్తపరీక్షకు వెళ్దాం.”

“అబ్బాయికి చెప్పకు.”

“చెప్తాను. తిట్టనివ్వను.”

పరీక్షలో షుగరు బాగా ఎక్కువుందని తేలింది. పోయిన స్పర్శ అంతా తిరిగి రాకపోవచ్చనీ, మందులు వాడితే ఇంకా ముదరకుండా ఆపవచ్చనీ డాక్టరు చెప్పాడు. అత్తగారి పాత నూలు చీరలు చించి ఇద్దరూ కలిసి పిల్లకు గౌన్లు, గలీబులు కుట్టారు. సూదిలో దారం కోడలే ఎక్కించింది. రెండు వారాలకు పొక్కులు మాడిపోయాయి. పిల్ల గోక్కోకుండా నిద్రపోతోంది.

ఆదివారం అత్తాకోడళ్లిద్దరూ బట్టల షాపుకు వెళ్లారు. తెల్లటి తాను ఒకటి ముందుకొచ్చింది. అలవాటుగా చెయ్యి చాపబోయిన అత్తగారు ఆగి, కోడలి వైపు చూసింది.

“గుప్పిట్లో పట్టి గట్టిగా నలుపు. ఇప్పుడు వదులు. ఏమైంది?”

“ముడతలు అలాగే ఉన్నాయి అత్తయ్యా.”

“చల్లగా ఉందా, జారుతోందా?”

“చల్లగానే ఉంది. జారడం లేదు.”

“పూర్తిగా నమ్మకమేనా?”

కోడలు మళ్లీ నలిపి చూసింది. ఈసారి తొందరపడలేదు. “నమ్మకమే.”

అత్తగారు షాపువాడి వైపు తిరిగింది. “నాలుగు మీటర్లు కొయ్యి బాబూ. మా కోడలు చూసింది.”