కదలొద్దమ్మ కదిలింది

ఉదయం ఎనిమిదింటికల్లా అమ్మ బూట్లు తొడుక్కుని, చేతికర్ర పట్టుకుని గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుంది. పక్కనే బట్టల సంచి. ఈ వారంలో ఇది మూడోసారి.

వంటగది బల్ల దగ్గర కంప్యూటరు ముందున్న కూతురు చూసీ చూడనట్టు ఊరుకుంది. అమ్మ ముప్పై ఒక్క ఏళ్లు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసిన మనిషి. "ఊపిరి బిగపట్టండి, కదలొద్దు" అని రోజుకు వందసార్లు అనీ అనీ, రోగుల నోట "కదలొద్దమ్మ" అయిపోయింది. అలాంటి మనిషి ఎనిమిది నెలల కిందట తన ఇంటి మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. కూతురు ఆమెను తన దగ్గరికి తెచ్చుకుని, ఆ ఇంటి తాళంచెవి సొరుగులో దాచేసింది. అప్పటినుంచి "కదలొద్దు" అనే ఉద్యోగం కూతురిదైంది.

ఆమె అసలు ఉద్యోగమూ ఎక్స్‌రేలు చూడటమే, కాకపోతే ఆకాశంలోంచి వచ్చేవి. పేలిపోయిన ఓ నక్షత్రం మిగిల్చిన ముద్ద, న్యూట్రాన్ నక్షత్రం, తోడెవరూ లేకుండా ఒంటరిగా గిర్రున తిరుగుతోంది. అంతరిక్షంలోని టెలిస్కోపు నిరుడొకసారి, ఈ ఏడొకసారి దాన్ని చూసింది. విడివిడిగా దాని నాడి, అంటే తిరిగినప్పుడల్లా కొట్టుకునే వెలుగు, ఉందో లేదో అన్నట్టుంది. రెండూ కలిపితే తేలాలి. తేలలేదు. సాయంత్రం నాలుగింటిలోగా తేల్చి నివేదిక పంపకపోతే, వచ్చే ఏడు ఆ టెలిస్కోపు ఇంకొకరి నక్షత్రం వైపు తిరుగుతుంది. ఆరేళ్ల శ్రమ బూడిదలో పోసిన పన్నీరే.

"తాళంచెవి ఇస్తావా, ఇవ్వవా?" అంది అమ్మ.

"ఈ ఒక్కరోజు నన్ను వదిలెయ్యమ్మా."

"డాక్టరు నడవమన్నాడు."

"నడవమన్నాడు. ఒంటరిగా ఉండమన్నాడా?"

"నీ నక్షత్రం ఒంటరిగా ఉంటే మురిసిపోతావు. అమ్మ ఉంటానంటే తాళం దాస్తావు. బాగుందే నీ న్యాయం!"

"దానికి తుంటి విరగలేదమ్మా!" కూతురి గొంతు లేచింది. "ఆ రోజు రెండు గంటలు మెట్ల మీద పడున్నావు. నువ్వు చేస్తే నేను ఫోనెత్తలేదు, మీటింగులో ఉన్నాను. ఇప్పటికీ కళ్లు మూస్తే ఆ మెట్లే కనిపిస్తాయి నాకు."

అమ్మ స్టూలు మీంచి లేచింది. కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి కూతురి వెనక నిలబడి, కళ్లజోడు సర్దుకుని తెర మీది నక్షత్రం చిత్రం చూసింది. పాత అలవాటు ఎక్కడికి పోతుంది?

"ఇంత మసకేంటే? రోగి కదిలాడా, మిషను కదిలిందా?"

"మిషను కదలిక, భూమి కదలిక అన్నీ నక్షత్రం ఉన్న చోటును బట్టి లెక్కకట్టి తీసేశాం."

"అయితే రోగే."

కూతురు గబగబా లెక్క మొదటి పేజీకి వెళ్లింది. పేలుడు విసిరేసిన ఇలాంటి నక్షత్రాలు ఉన్నచోట ఉండవని ఆమె నలుగురికీ పాఠం చెబుతుంది. లెక్కలో వేసిన చోటు మాత్రం పదహారేళ్ల నాటి చిత్రంలోది! లెంపలేసుకుని, ఈ ఏటి చిత్రంలో అది నిజంగా ఎక్కడుందో కొలిచి, లెక్క మళ్లీ మొదటినుంచీ నడిపింది. మధ్యాహ్నం రెండింటికి, అప్పటిదాకా తెర మీద చదునుగా ఉన్న గీత మధ్యలో గూను లేచింది. నిరుటి నాడి, ఈ ఏటి నాడి ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి.

"దొరికిందమ్మా!" ఆమె కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "ఎప్పుడో ఉన్న చోటే ఉందనుకున్నాను."

"నేనూ ఆ మెట్ల మీద లేనే, తల్లీ," అంది అమ్మ మెల్లగా. "లేచి ఎనిమిది నెలలైంది."

కూతురు బల్ల మీద తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. అమ్మ ఆమె వీపు నిమురుతూ నిలబడింది.

నివేదిక మూడున్నరకు వెళ్లిపోయింది. కూతురు సొరుగు తీసి తాళంచెవి అమ్మ చేతిలో పెట్టింది.

"రోజూ పొద్దున్నే ఫోన్ చెయ్యాలి."

"నువ్వు ఎత్తుతానంటే చేస్తా."

"ఎత్తుతాను."

మేడ మెట్ల దగ్గర కూతురు చెయ్యి అందించబోతే అమ్మ వద్దంది. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. కూతురు సంచి పట్టుకుని పైనే బిగుసుకుని నిలబడింది. పద్నాలుగు మెట్లు.

కింద నేల మీద నిలబడి అమ్మ తలెత్తి చూసింది.

"అయిపోయింది. ఇక ఊపిరి వదులు."