పద్నాలుగు నిమిషాల ఆట

ఇటు జరగండి, ఇంకాస్త దగ్గరికి. సిరొంచలో కిరాణా దుకాణం లీలమ్మ కొడుకు ప్రతీక్ లేడూ, వాడికి పెళ్లి ఎట్లా కుదిరిందో చెబుతాను.

రేగుంట గణపతి కూతురు గౌతమిని చూడడానికి తల్లీకొడుకులు వెళ్లారు. పిల్ల చీర కట్టుకుని రాలేదు. మోచేతికి పట్టీతో, పొలం గట్టు మీంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. రగ్బీ ఆడుతుందట! జట్టుకు ఏడుగురు. కోడిగుడ్డులాంటి బంతి పట్టుకుని ఉరికి, అవతలి గీత దాటి నేలకు ఆనిస్తే పాయింట్లు. అవతలివాళ్లు మీదపడి కూలదోస్తారు.

"ఏందమ్మా, పడుతవా, పడేస్తవా?" అంది లీలమ్మ.

"రెండూ చేస్త."

ప్రతీక్ అక్కడికక్కడే పడిపోయాడు.

గౌతమి అతన్నే చూస్తూ అంది. "ఇండియా టీంల తీసుకున్నరు. మూడు దేశాలల్ల మూడు టోర్నమెంట్లు. సీజన్ అయినంక జవాబు చెప్త. అప్పటిదాక నా ఆట చూడు, నేనేందో ఎరుకైతది."

"ఒక్కటి సుత ఇడువ!" అన్నాడు ప్రతీక్.

మొదటి టోర్నమెంట్ రోజు దుకాణం ముందు కుర్చీలు వేయించి, పదిమందిని పిలిచి, ఫోను గల్లా పెట్టె మీద నిలబెట్టాడు. వాడికి తెలిసిన ఆట క్రికెట్టే, పొద్దుగూకేదాకా సాగుతుందనుకున్నాడు. మిర్చిబజ్జీలకు పోయి వచ్చేసరికి ఫోన్లో వేరే దేశాలవాళ్లు ఆడుతున్నారు. పద్నాలుగే నిమిషాలు, గౌతమి ఆట అయిపోయింది!

సాయంత్రం ఆమె ఫోను. "చూసినవా?"

"ఎందుకు చూడలే! మస్తు ఆడినవ్. ఆఖరిదాక అవుటే కాలే!"



"రగ్బీల అవుటేంది ప్రతీక్? చూడలేదంటే అయిపోతుండె గదా. అబద్ధమాడెటోడు నాకొద్దు."

ఫోను పెట్టేసింది. మళ్లీ ఎత్తలేదు.

"పోనీ తియ్యి, ఇంకో పిల్లను చూద్దాం," అంది లీలమ్మ. వింటేనా! మిగిలిన రెండు టోర్నమెంట్లూ ప్రాణహిత వంతెన మీద, ఎవరూ కదిలించని చోట, గొడుగు కింద ఒక్కడే నిలబడి చూశాడు. ఆమె పడితే వాడి ఊపిరి ఆగేది. లేస్తే గొడుగు ఎగిరేది.

సీజన్ ముగిసి గౌతమి తిరిగొచ్చిన మర్నాడే తల్లిని వెంటబెట్టుకుని రేగుంట వెళ్లాడు.

"ఆ రోజు బజ్జీలకు పోయిన. అబద్ధం చెప్పిన. తప్పయింది."

"తర్వాతవి?"

"అన్నీ చూసిన. ఓడిన్రు. గానీ ఆఖరి ఆటల గీత కాడిదాక ఉరికినవ్. నువ్వే పెట్టొచ్చు బంతి. ఇద్దరు మీదికొస్తుంటే ఎనుకున్న మీ జట్టు పిల్ల ప్రతిభకిచ్చినవ్. పాయింట్లు ఆమెకొచ్చినయ్, దెబ్బ నీ భుజానికి తాకింది. నొస్తుందా?"

గౌతమి కళ్లు చెమ్మగిల్లాయి. "అందరు ఎన్ని పాయింట్లు కొట్టినవనే అడిగిన్రు. గిది ఎవ్వలు అడుగలే."

"ఇగ లగ్గం ఎప్పుడు పెట్టుకుందాం?" అన్నాడు గణపతి, లోపల్నుంచి.

"వచ్చే సీజన్‌కు ముందే, బాపూ. మల్ల ఆడవోవాలె."

"ఆడవోదువు గానీ, జర ఆ భుజం ఇటు చూపియ్యి బిడ్డా," అంటూ లీలమ్మ వేడి ఉప్పు మూట తెప్పించి కాపడం పెట్టింది.

"మెల్లగ, అత్తమ్మా!"

ఆ పిలుపుతో ప్రతీక్ ముఖం చూడాల్సింది!

గుర్తుపెట్టుకుని రేపు మీరూ ఎవరికైనా చెప్పండి. చెప్పేటప్పుడు ఆ జట్టును గెలిపించాలని మీకు మనసు లాగుతుంది. వద్దు. ఓడిందనే చెప్పండి, అయినా గౌతమి నవ్వుకుంటూ ఇంటికొచ్చిందని చెప్పండి.