ఉతుకుడు గదిలో చెయ్యి పట్టుకునేది

ఆ లాడ్జి కింద బట్టలుతికే గది ఒకటుంది. పగలంతా అక్కడ మనుషుల సందడే. చీకటి పడితే మాత్రం ఎవరూ ఆ మెట్లు దిగరు. గది మూలన ఉన్న డ్రైనేజీ కంతలోంచి ఏదో వచ్చి చెయ్యి పట్టుకుంటుందని పేరు. అదెవరి దెయ్యం అంటే మాత్రం తలా ఒక మాట చెబుతారు.

ఆ పేరు తెచ్చిపెట్టింది ఒకింటి పెద్దల్లుడు. పూడుకుపోయిన డ్రైన్లు బాగుచేయడం అతని పని. కిందటేడు భార్యని వెంటబెట్టుకుని, మిషన్ మోసుకుని ఆ గదిలోకి దిగినవాడు, చెయ్యి బూరెలా వాచిపోయి తిరిగొచ్చాడు. "పట్టుకుంది..." అన్నాడు. అంతకు మించి పెదవి విప్పలేదు. మామగారు మాత్రం అల్లుడి ధైర్యం గురించి వీధి వీధంతా చెప్పుకొచ్చాడు.

అది విని రెండో అల్లుడికి ఒళ్లు మండింది. అతనిదీ అదే పని. అత్తారింటికి వెళ్లినప్పుడల్లా తోడల్లుడి గొప్పలే వడ్డిస్తుంటే ముద్ద ఎలా దిగుతుంది? పైగా మూడో కూతురికి కుదిరినవాడు కూడా ఇదే పని చేసేవాడు. రేపు వాడి ముందు కూడా తీసికట్టేనా? కంత మళ్లీ పూడుకుందని లాడ్జి నుంచి కబురు రాగానే, "ఆ దెయ్యం సంగతి నేను చూస్తా," అన్నాడు.

కొత్త మిషన్ కొన్నాడు. డ్రమ్ములో చుట్టిన ఉక్కు స్ప్రింగు తీగ, దాన్ని గిరగిరా తిప్పే మోటారు, కాలితో తొక్కే పెడల్. కొట్టాయన ఓపిగ్గా చెప్పాడు — తోలు గ్లౌజులే వేసుకో, మిషన్ని కంత పక్కనే పెట్టుకో, పెడల్ మీద నీ కాలే ఉండాలి, కాలు తీస్తే అది ఆగాలి. మనవాడు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు.

లాడ్జిలో కుళాయిలన్నీ ఆగాక దిగారు. "ఇంట్లో ఒక్కదానివే ఉంటే భయపడతావు," అని భార్యని తీసుకొచ్చాడు. ఆమెకి భయం లేదు, నిద్ర మాత్రం ముంచుకొస్తోంది.

గుడ్డి బల్బు. తడి వాసన. మూలన కంత. లోపల్నుంచి... గుళుక్... గుళుక్...

కాళ్లు ముందుకు సాగలేదు. పారిపోవడానికి వీలుగా ఉంటుందని మిషన్ని గుమ్మం దగ్గరే దించేశాడు. తీగ లాక్కుంటూ గదంతా దాటి మూలకి వెళ్లాడు. అప్పుడు గుర్తొచ్చింది — కాలు ఇక్కడుంది, పెడల్ అక్కడుంది.

గుమ్మం పక్కనే ఒక ఇటుక పడి ఉంది. తిప్పి చూస్తే దాని మీద నల్లటి చారలు... వరసగా. ఏ గోళ్లు గీకాయో! అయినా దాన్నే తెచ్చి పెడల్ మీద పెట్టి, మళ్లీ మూలకి వెళ్లాడు.

"నేను చెప్పగానే ప్లగ్గు పెట్టు," అన్నాడు.

ప్లగ్గు గుమ్మం బయట, పొడిగా ఉన్న మెట్టు పక్కన. అక్కడి నుంచే ఆమె గొంతు వచ్చింది. "ఏవండీ... ఆ గుడ్డ గ్లౌజులతోనేనా?"

"తోలువైతే చెమట. నువ్వు పెట్టు."

మిషన్ గర్రుమంది. తీగ కంతలోకి దిగింది... ఇంకా దిగింది... ఆగింది. లోపల ఏదో దాన్ని గట్టిగా పట్టుకుంది. డ్రమ్ము మాత్రం తిరుగుతూనే ఉంది.

వెనకాల, గది మధ్యలో, నేల మీద పడున్న తీగ కదిలింది. మెలితిరిగింది. లేచింది...

గ్లౌజు పట్టుకుంది.

మణికట్టు తిరిగిపోతోంది. కుడిచెయ్యి! పానా పట్టే చెయ్యి, ఇల్లు నడిపే చెయ్యి. ఇది పోతే పిల్లలకి ఏం పెట్టాలి? అలవాటుకొద్దీ కాలెత్తాడు. మిషన్ ఆగలేదు. పెడల్ మీదున్నది అతని కాలు కాదు మరి.

"వదులమ్మా... నీకు దణ్ణం పెడతా..."

ఆగిపోయింది.

తీగ సడలింది. చెయ్యి బయటపడింది. వాచిపోయింది గానీ వేళ్లు ఐదూ కదిలాయి. అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సామాను సర్దుతూ పెడల్ మీది ఇటుక తీశాడు. పాత చారల పక్కనే కొత్త చారలు. పెడల్ రబ్బరు అచ్చులు! రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయి. అంటే కిందటేడు కూడా ఇదే ఇటుక ఇంకో పెడల్ మీద కూర్చుందన్నమాట.

మర్నాడు అత్తారింట్లో అందరూ చుట్టూ మూగారు. పెద్దల్లుడు మాత్రం ఓ పక్కన కూర్చుని నేలచూపులు చూస్తున్నాడు. నిజం చెబితే అతని పరువు పోతుంది. దాని వెంటే తన పరువూ పోతుంది.

"పట్టుకుంది," అన్నాడు రెండో అల్లుడు. "అన్నయ్య చెప్పింది అక్షరాలా నిజం."

పెద్దల్లుడి కళ్లు చెమర్చాయి. తోడల్లుళ్లిద్దరూ అంత ఆప్యాయంగా చూసుకోవడం అదే మొదటిసారి.

"మరి ఎలా వదిలింది బాబూ?" అంది అత్తగారు.

"దణ్ణం పెట్టానండి."

అంతలో వంటింట్లోంచి గుసగుస... పెద్దకూతురి గొంతు.

"నువ్వూ ప్లగ్గే పీకావా?"

"ఇంకేం చేస్తానక్కా," అంది రెండోది.

"చిట్టీ, నువ్వూ విను," అంది పెద్దది. " రేపు నీ మొగుడు రాత్రిపూట తోడు రమ్మంటే వెళ్లు. ప్లగ్గు దగ్గర నుంచి మాత్రం కదలకు."

"అమ్మో... దెయ్యం వస్తేనో?" అంది మూడోది.

"రావడమేంటే? నీతోపాటే వస్తుంది... మిషన్ మోసుకుంటూ."