బోసినోటి అచ్చు

యలహంక పాతూళ్ళో ఒక ఇరుకు సందులో కింద క్లినిక్కు, పైన ఇల్లు. పళ్ళ డాక్టరు హరిణి అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. ఎంతోమంది ముసలీముతకకు కట్టుడు పళ్ళు పెట్టి, సంగటీ మాంసమూ మళ్ళీ తినేలా చేసిన చెయ్యి ఆమెది. కానీ ఏం లాభం? సొంత నాయన లింగన్న మాత్రం పైన వరండాలో బోసినోటితో కూర్చుని ఉంటాడు. పేషెంట్లు ఊరుకుంటారా? "మీ ఇంటి పెద్దాయనకే దిక్కులేదు, మాకేం పెడతావు తల్లీ?" అని మొహం మీదే అడిగేవాళ్ళు. హరిణికి తల కొట్టేసినట్టుండేది.

లింగన్నకు పళ్ళ మాటెత్తితే చాలు, ఒంటికాలి మీద లేచేవాడు. "అంబలి తాగేదానికి పళ్ళెందుకు పాపా? పోయినవి పోయినాయి, వదిలెయ్" అనేవాడు. బీడీలు కాల్చి కాల్చి చిగుళ్ళు పాడై పళ్ళన్నీ రాలిపోయాయని ఇంట్లో అందరికీ తెలుసు. హరిణి కాలేజీ హాస్టల్లో ఉన్నప్పుడే పోయాయవి. సెలవులకు ఇంటికొచ్చేసరికి నాయన నోరు పసిపిల్లాడి నోరయిపోయింది.

విడ్డూరం ఏమిటంటే, పళ్ళు పీకడంలో ఆయనదీ పేరున్న చెయ్యే. ఆనేకల్ అవతల, రాష్ట్ర సరిహద్దు పక్కనున్న వాళ్ళ పల్లెలో ఎవరికి పన్ను సలిపినా పట్టకారు పట్టుకుని లింగన్నే రావాలి. నొప్పి తెలిసేలోపు పన్ను చేతిలో పెట్టేవాడట. "నాకు మా నాయన చెయ్యే వచ్చింది" అని హరిణి పదిమందిలో గొప్పగా చెప్పుకునేది. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయేవాడు. మొగమాటస్థుడు పాపం అనుకునేది.

ఈ వానాకాలం మొదలైనప్పటి నుంచి ఆయనకు అంబలి కూడా దిగడం లేదు. మనిషి ఎముకల గూడయ్యాడు. నమిలి తినే తిండి పడితే తప్ప నిలబడడని పెద్దాసుపత్రిలో తేల్చి చెప్పేశారు. ఆ రోజు హరిణి ఆయన మంచం పక్కన కూర్చుని బావురుమంది. "అమ్మ పోయింది. నువ్వూ పోతే నాకెవరున్నారు నాయనా? నా కోసం ఒక్కసారి నోరు తెరువు" అని కాళ్ళావేళ్ళా పడింది.

లింగన్న ఆమె తల నిమిరాడు. "సరే కానీ. నీ చేత్తోనే చెయ్యి. ఇంకెవురూ నా నోట్లో చెయ్యి పెట్టగూడదు" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం. క్లినిక్కుకు సెలవు. అసిస్టెంటు షారోన్ చర్చి నుంచి నేరుగా, తెల్లచీరలోనే వచ్చేసింది. బయట మబ్బు కమ్మి పట్టపగలే చీకటి పడ్డట్టుంది. షట్టరు సగం దించి, కుర్చీ మీది లైటు వేసుకున్నారు. లవంగనూనె వాసన, తడిసిన మట్టివాసన కలిసిపోయి ఉన్నాయి. చూరు నీళ్ళు బయట డబ్బా మీద పడి ఒకటే మోత.

పళ్ళు కట్టాలంటే ముందు నోటి అచ్చు తియ్యాలి. అచ్చు తియ్యాలంటే సరైన ట్రే దొరకాలి. పళ్ళున్న నోటికి వేసే ట్రే లోతుగా, ఎత్తు గోడలతో ఉంటుంది. బోసినోటి ట్రే లోతు తక్కువ, చిగుళ్ళ వంపు మీద అలా ఒదిగిపోతుంది. హరిణి ఆయన దవడ వెడల్పు చూసి, బోసినోటి ట్రేల్లోంచి ఒకటి తీసి ఉత్తదే పెట్టి చూసింది. కొలిచి చేయించినట్టు కూర్చుంది.

"చూశావా నాయనా, ఎంత సులువో!" అంది.

షారోన్ రబ్బరు గిన్నెలో గులాబీరంగు పొడి, నీళ్ళు కలిపి చకచకా రుద్దింది. పుదీనా వాసన గుప్పుమంది. ఆ ముద్దను ట్రేలో నింపి, హరిణి ఆయన పై దవడకు ఒత్తి పట్టుకుంది. "ముక్కుతో గాలి పీల్చు. ఏం కాదు, నేనున్నా కదా." ముద్ద గట్టిపడింది. చప్పుమని ఊడి వచ్చింది. లైటు కిందికి తెచ్చి చూసింది.

నున్నగా, కాలవలా ఉండాల్సిన చోట గుంటలున్నాయి. వరసగా. పళ్ళు దిగిన గుంటలు. ఒక్కో గుంట అడుగున ట్రే ఇనుము తళతళమంటోంది.

"షారోన్! ఏమిటిది? ఎవరి నోటి అచ్చు తెచ్చి ఇచ్చావు?"

"అయ్యో మేడమ్, ఇప్పుడే కదా మీ చేత్తోనే తీశారు! నేను గిన్నె కూడా కడగలేదండి ఇంకా."

నిజమే. ఆ సంగతి హరిణికి తెలుసు. అయినా ఎవరో ఒకరిని అనుమానించకుండా ఆ క్షణం నిలబడలేకపోయింది. షారోన్ పోయిన వారం సెలవడిగితే తాను కసిరింది. ఆ కోపం ఇలా తీర్చుకుంటోందా? పొడిలో ఏమైనా కలిపిందా? "నువ్వు ముందు గదిలో కూర్చో. నేనే చేసుకుంటా" అంది. షారోన్ మొహం ముడుచుకుని, మెడలోని సిలువ పట్టుకుని బయటికి వెళ్ళింది. హరిణి తలుపు గడియ వేసింది. కొత్త డబ్బా తెరిచింది. అదే సైజు ట్రే ఇంకొకటి తీసి, ఉత్తదే మళ్ళీ ఆయన నోట్లో పెట్టింది.

టక్.

ఇనుము గట్టిదానికి తగిలిన చప్పుడు. ట్రే పైకి పోవడం లేదు. తీసి, వేలు పెట్టి చిగురంతా తడిమింది. మెత్తగా ఉంది, ఈ చివర నుంచి ఆ చివర దాకా. ఒక్క మొన కూడా తగల్లేదు. మళ్ళీ ట్రే పెట్టింది.

టక్... టక్.

ఇప్పుడు అనుమానం నాయన మీదికి మళ్ళింది. "నోట్లో ఏమైనా దాచుకున్నావా? నాతో ఆటలాడుతున్నావా నాయనా?"

లింగన్న తల అడ్డంగా ఊపాడు. కళ్ళు మూసుకునే ఉన్నాయి. కంటి కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

హరిణి చెయ్యి అల్మరా వైపు పోయింది. చదువుకున్న చదువు, ఇన్నేళ్ళ పనితనం వద్దంటూనే ఉన్నాయి. అయినా పళ్ళున్న నోటికి వేసే లోతు ట్రే తీసింది. అందులోనూ ఆడవాళ్ళకు వాడే చిన్నది. ఎందుకు దాన్నే తీసిందో ఆమెకే తెలియదు. నోట్లో పెట్టింది.

చక్కగా కూర్చుంది.

ఒళ్ళు జల్లుమంది. అయినా ఆగలేదు. ముద్ద కలిపింది, నింపింది, పెట్టి ఒత్తిపట్టుకుంది. వాన మోత ఆగినట్టుంది, లేక ఆమెకే వినపడడం లేదో. లింగన్న రెండు చేతులూ కుర్చీని గట్టిగా పట్టుకున్నాయి. ఆయన పెదవులు కదల్లేదు. దవడ కదల్లేదు. అయినా హరిణి చూపుడు వేలి మీద ఏదో... మెత్తగా ఆనింది. వెచ్చగా ఊపిరి తగిలింది. తర్వాత పట్టింది. నొక్కింది. ఇంకా నొక్కింది...

"అమ్మా!" అని చెయ్యి లాక్కుంది. ట్రే కూడా ఊడి వచ్చింది. గ్లవ్ చిరిగి, వేలి మీద నెత్తురు చిమ్మింది. పైనా కిందా రెండు వరసల పంటిగాట్లు.

అచ్చులో ఇప్పుడు మొత్తం ఉంది. చిన్న చిన్న పళ్ళు, పొందికగా. ముందు పన్ను ఒకటి పక్కదాని మీదికి ఎక్కి ఉంది. గుంటల అడుగున గులాబీరంగు మీద ఎర్రటి మరక, తమలపాకు, సున్నం వాసన. లింగన్న జన్మలో ఆకు నమల్లేదు. ఆయన పళ్ళు ఇలాంటివీ కావు. చిన్నప్పుడు ఆయన నవ్వుతుంటే పెద్ద పెద్ద పళ్ళు, మధ్యలో సందు కనిపించేవి.

హరిణి అచ్చును ఆయన కళ్ళముందు పెట్టింది. "ఎవరివి నాయనా ఇవి?"

లింగన్న కళ్ళు తెరిచి చూశాడు. ఆశ్చర్యపోలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

"సొన్నమ్మవి" అన్నాడు.

"సొన్నమ్మ ఎవరు?"

"నువ్వు హాస్టలుకు పోయినాక మన ఊరికొచ్చి, కొసాన ఒంటిగా ఉండె ఆయమ్మ. మొగుడు పోయినాక తనలో తానే మాట్లాడుకుంటా ఉండేది. ఆ ఏడు గొడ్లు చచ్చిపోయ, పిలకాయలకు జరాలొచ్చె. ఆయమ్మే మంత్రాలు ఏస్తా ఉండాదని ఊరంతా అనిరి. పళ్ళు పీకేస్తే మంత్రం పలకదంట. నోరు తిరగదంట. పీకేది ఎవురికి చేతనవుతాది? నన్ను పిలుచుకోని పోయిరి."

"నువ్వు... పీకావా?"

"నలుగురు పట్టుకోని ఉండిరి."

"వద్దని చెప్పలేకపోయావా నాయనా? ఒక్క మాట!"

"మంత్రమూ లేదు, మన్నూ లేదు పాపా. ఆయమ్మ నోట్లో నా పేరే ఉండాది. పన్ను పన్నుకూ లింగన్నా, లింగన్నా అని నన్నే పిలుస్తా ఉండె. కొసాకు పిలిచేదానికి కూడా కాలేదు. తెల్లారకముందే పోయ."

హరిణికి ఏడుపు రాలేదు. తనకు వచ్చిందని ఊరంతా చాటుకున్న చెయ్యి అది. నాయన మీద ఒక పక్క జాలి, ఇంకో పక్క ఓర్చుకోలేనంత అసహ్యం. రెండూ ఒకేసారి వచ్చాయి.

లింగన్న ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "బీడీలకు పోయినాయనుకున్న్యావు కదా నా పళ్ళు? గట్టి పళ్ళు అవి. నేనే పీక్కున్న్యా. నా నోట్లో ఇంకొకరి పళ్ళు మొలుస్తా ఉండాయమ్మా, నాలికకు తగుల్తా ఉండాయి. నావి లేకుంటే అవీ పోతాయనుకున్న్యా." గొంతు గుసగుసగా మారింది. "నాకు పళ్ళు కట్టొద్దు పాపా. కడితే ఆయమ్మ తినేస్తాది."

"ఏం తింటుంది?"

ఆయన ఆమె మణికట్టు వదిలేసి, అరచేత్తో నోరు మూసుకున్నాడు.

ఆ అచ్చును హరిణి ముక్కలు ముక్కలు చేసి పారేసింది. పళ్ళ మాట మళ్ళీ ఎత్తలేదు. షారోన్‌కు క్షమాపణ చెప్పింది కానీ, ఎందుకో చెప్పలేదు. నాయనకు గంజి పట్టాలంటే మాత్రం చెంచా పెదవుల దాకా పోయి ఆగిపోయేది. వేలి మీది గాయం మానలేదు. చివరికి ఆ పని షారోన్‌కు అప్పగించేసింది. కన్నకూతురివై ఉండి ఇదేం పాపమే అని తనను తానే తిట్టుకునేది. అయినా చెయ్యి ముందుకు పోయేది కాదు. లింగన్న ఎవరు పెట్టినా నోరు తెరవలేదు. శ్రావణం రాకముందే, నిద్రలోనే పోయాడు.

చావు కబురుకు ఆనేకల్ వైపు నుంచి చుట్టాలంతా వచ్చారు. ఎండ బాగా కాస్తోంది. సందులో షామియానా వేసి, తమటె డప్పులు మోగిస్తున్నారు. లింగన్న మేనత్త కూతురు పెద్దక్క, ఊరి ఆచారాలన్నీ తెలిసిన మనిషి. దవడకు కట్టిన గుడ్డ విప్పి, ఇత్తడి గిన్నె పట్టుకుని నిలబడింది. "రాండప్పా, నోటికి బియ్యం ఎయ్యండి. కడుపు నింపి పంపించల్ల" అంది. ఒక్కొక్కరే వచ్చి, చేతిలో బియ్యం తీసుకుని, ఆయన నోట్లో వేసి దండం పెట్టి పక్కకు తొలగుతున్నారు.

కడుపున పుట్టింది గాబట్టి హరిణిది ఆఖరి వంతు. పిడికెడు బియ్యం తీసుకుని వంగింది. కళ్ళనీళ్ళు తుడుచుకుని చూసింది.

అంతమంది వేశారు. నోరు నిండి పొర్లాలి. పెదవుల మీద ఒక్క గింజ లేదు. మెడ కింద లేదు. లోపల... ఖాళీ.

"పెద్దక్కా, బియ్యం తీసేశావా?"

"ఎవురన్నా తీస్తారా మే, అపచారం! ఎయ్యి, పొద్దు పోతా ఉండాది."

పక్కనున్న షారోన్ మొహం చూసింది హరిణి. ఎవరో తీసుంటారు. తుడిచేసుంటారు. ఎవరిని అడగాలి? అయినా ఇన్నాళ్ళూ ఆయన ఒక్క ముద్ద తింటే చాలని మొక్కుకున్నది తనే. కొన్ని గింజలు ఆయన నాలుక మీద రాల్చింది. తెల్లగా కనిపించాయి.

తమటెలవాళ్ళు చెయ్యి మార్చుకోడానికి ఒక్క క్షణం ఆపారు.

కర్... కర్... కర్...

"మేడమ్" అంది షారోన్ గుసగుసగా, ఆమె మోచెయ్యి పట్టుకుని. "మీక్కూడా వినపడుతోందా?"

పెదవులు మూసుకునే ఉన్నాయి. ఎప్పుడు మూసుకున్నాయో హరిణి చూడలేదు. ఎండు బియ్యం పిండి అవుతున్న చప్పుడు, నింపాదిగా, తొందర లేకుండా. నోటి కొసన సన్నగా తెల్లటి పొడి కారింది. తర్వాత చప్పుడు ఆగింది.

పెదవులు మెల్లగా విడిపోయి, నోరు మళ్ళీ తెరుచుకుంది.

హరిణి పిడికిట్లో ఇంకా బియ్యం ఉంది.