పచ్చగానే వాలిన తోట

1998 వేసవిలో ఒక ఉదయం, హిందూపురంలోని డిటెక్టివ్ ఆదినారాయణ ఆఫీసులోకి అమీనాబీ బెదురుతూ వచ్చింది. పరిగి దగ్గర ఆమె వేసిన టమాటా తోట పూత మీదుండగా ఉన్నట్టుండి వాలిపోయింది.

"పక్క చేని చిన్నప్ప గడ్డిమందు కొట్టినాడని కేసు పెట్టినా సార్. ఆయప్పను పోలీసులు పట్టుకపోయినారు. నిన్న ఆయన పెండ్లాము ఈరక్క వచ్చి, బిడ్డ తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టింది. అప్పట్నుంచి, తప్పు మనిషిని పట్టిచ్చినానేమో అని అనుమానంగా ఉండాది."

"చిన్నప్పే అని ఎవరు చెప్పారు?"

"మా తమ్ముడు షాబాజ్. గట్టు మీద మందు డబ్బా వానికే దొరికింది."

వ్యవసాయం చదివి ఈ వృత్తిలోకి వచ్చిన ఆదినారాయణ, అసిస్టెంటు గ్రేస్‌ను వెంటబెట్టుకుని తోటకు వెళ్లాడు. చెట్లన్నీ వాలిపోయాయి, కానీ ఆకులు మాడలేదు. చిన్నప్ప గట్టును ఆనుకున్న రెండు సాళ్లు మాత్రం నిటారుగా ఉన్నాయి. గట్టు మీద గరిక పచ్చగా ఉంది.

"ఈ రెండు సాళ్ల విత్తనం వేరా?"

"ఒకటే సార్. ఎండు తెగులు తట్టుకునే రకం. పెనుకొండలో మా తమ్ముని నర్సరీలో నారు పోయించినా. కొన్ని గింజలు మిగిలితే మా అత్త ఇంటికాడ బుట్టల్లో పోసింది. ఈడ నాటింది ఆ నారే."

"రెండు నార్లకూ తేడా ఏమైనా కనిపించిందా?"

"తమ్ముని నారుకు వేర్లు పొట్టిగా ఉన్నాయి. కొసలు కోస్తే కొత్త వేర్లు బాగా వస్తాయని వాడే కోసిచ్చినాడు."

ఆదినారాయణ ఒక వాలిన మొక్కను పెరికాడు. వేర్లనిండా బుడిపెలు. కాండం కోసి గాజు గ్లాసులోని నీళ్లలో వేలాడదీస్తే, కోసిన చోటునుంచి పాలధారలా తెల్లటి ద్రవం కిందికి జారింది. నిలబడ్డ మొక్క కాండాన్ని అలాగే ముంచితే నీళ్లు తేటగానే ఉన్నాయి. గ్రేస్ కళ్లార్పకుండా చూసింది.

స్టేషన్లో ఉన్న మందు డబ్బా మీద పెనుకొండ అంగడి ముద్ర ఉంది. ఆ అంగడికి వెళ్లి విచారించాక, షాబాజ్ నర్సరీ కంచె పక్కన మిగిలిన పాత నారును గ్రేస్ పెరికి చూసింది. దాని వేర్లకూ అవే బుడిపెలు.

మరునాడు అమీనాబీ ఇంట్లో అందరూ కూడారు. ఈరక్క గోడకు ఆనుకుని నిలుచుంది. షాబాజ్ ఎస్సై పక్కన కూర్చున్నాడు.

"గడ్డిమందు పడితే ముందు గట్టు మీది గరిక మాడాలి. దాన్ని ఆనుకున్న సాళ్లు పోవాలి. రెండూ బతికాయి," అన్నాడు ఆదినారాయణ. "ఆ తెల్లటి ద్రవంలో ఉన్నది మట్టిలో బతికే బాక్టీరియా. చెట్టులో నీళ్లు పారే గొట్టాలను మూసేస్తుంది. పాదులో తడి ఉన్నా చెట్టు దాహంతో చస్తుంది."

"తట్టుకునే రకమంటున్నారే?" అన్నాడు ఎస్సై.

"తట్టుకుంటుంది, ఆ రెండు సాళ్లలో తట్టుకుంది కూడా. బాక్టీరియాను వేరు దాటి పైకి పాకనివ్వదు. కానీ నర్సరీ మట్టిలోని కంటికి కనబడని పురుగులు వేర్లలో దూరి, బుడిపెలు కట్టించి, ఆ బలాన్ని దెబ్బతీశాయి. బుడిపెలు బయటపడకూడదని షాబాజ్ వేర్లు కోశాడు. ఆ కోతలగుండా తెగులు నేరుగా లోపలికి వెళ్లింది. తోట వాలాక డబ్బా కొని గట్టు మీద పెట్టింది కూడా ఇతనే. అంగడాయన గుర్తుపట్టాడు."

షాబాజ్ తల వంచుకున్నాడు. "నర్సరీ పేరు పోతాదని భయపడితినక్కా. నువ్వు నన్ను అనుమానిస్తావని..."

అమీనాబీ తమ్ముడి వైపు తిరిగింది.

"నిన్నా? నాకు ఆ ఆలోచనే రాలేదు గదరా. నారు చెడిందని ఒక్క మాట చెప్పింటే మళ్లా పోసుకుందుము. నా నోటితో ఆయప్పను జైల్లో పెట్టిస్తివి."

షాబాజ్‌ను జీపెక్కించి, చిన్నప్పను వెంటనే వదిలిపెడతామన్నాడు ఎస్సై. అమీనాబీ జీపు వైపు చూడలేదు. ఈరక్క దగ్గరికి వెళ్లింది.

"నేనూ స్టేషనుకు వస్తా ఈరక్కా. ఆయప్ప కాళ్లు పట్టుకుంటా."

"రా. ఆయన ఏమంటాడో విను," అంది ఈరక్క. "నా తట్టు మాత్రం చూడొద్దు. నీ మొగం చూసేకి నాకు ఇంకా మనసు రాలే."

ఆమె ముందు నడిచింది. అమీనాబీ కొంగు నెత్తిమీదికి లాక్కుని, దూరం తగ్గించకుండా వెనకే వెళ్లింది.