లాటానుప్రాసకు ఒక ఉదాహరణ

“నా మాటలు కొట్టేసిందెవరు?”

తెలుగు మాస్టారు తన అలంకారాల పుస్తకం ప్రూఫు కాగితాన్ని బల్ల మీద పరిచాడు. ప్రెస్సులో అందరూ ‘కత్తెర’ అని పిలిచే ప్రూఫ్‌రీడరు తలెత్తింది.

“నేనే. ఒకే మాట రెండుసార్లు పడితే కొట్టెయ్యరా మరి?”

“అది లాటానుప్రాస అండీ! మాట అదే, అర్థం అదే, తాత్పర్యం వేరు. ‘వానలో పట్టే నిద్రే నిద్ర’ అని రాశాను. మీరు రెండో నిద్ర లేపేశారు. ఇప్పుడు ‘వానలో పట్టే నిద్రే’ట! నిద్రే అయితే ఏంటంట?”

కత్తెర నాలుక కరుచుకుంది. “మిగతా రెండు ఉదాహరణలూ కూడా... అచ్చుతప్పులనుకుని మొత్తానికే ఎత్తేశాను. మీ రాతప్రతి ఉందా?”

“బడి బీరువాలో ఉంది. తాళం హెడ్మాస్టారి జేబులో ఉంది. ఆయన ఊళ్లో లేరు.”

“కత్తెరమ్మా! పేజీ ఇస్తావా, మెషిన్ ఆపుకుని కూర్చోమంటావా?” లోపలినుంచి మెషిన్‌మాన్ కేక.

అది చాలనట్టు, ప్రెస్సు ఓనరైన ఆమె పెదనాన్న సెల్‌ఫోన్ పట్టుకుని వచ్చి పక్కనే నిలబడ్డాడు. “తల్లీ, పెళ్ళివారు ఇప్పుడే ఫోన్ చేస్తారు. అవునో కాదో తేల్చు. ఈసారి కూడా ‘ఆలోచిస్తాం’ అంటే నా పరువు గంగలో కలుస్తుంది.”

మాస్టారి మొహం తెల్లకాగితమైంది. కత్తెర అది చూసింది. చూడనట్టు కీబోర్డు ముందుకు జరిగింది.

అవతలి సంబంధంలో వంక పెట్టడానికేమీ లేదు. అదే ఆమె బాధ. ఈయనేమో కామా ఉండాలా వద్దా అని అడగడానికి వారం వారం వస్తాడు. ఆ పుస్తకానికి అన్ని కామాలు అక్కర్లేదని ప్రెస్సంతటికీ తెలుసు. అడగాల్సింది మాత్రం అడగడు.

“కొత్త ఉదాహరణలు చెప్పండి మాస్టారూ. త్వరగా.”

“అంటే... మీరు... మీరు దిద్దిన పుస్తకమే పుస్తకం.”

ఆమె టైపు చేసింది. “ఇంకోటి.”

ఫోన్ మోగింది. పెదనాన్న ఆమె వైపు చూశాడు. “ఏం చెప్పమంటావు?”

“ఒక్క క్షణం పెదనాన్నా. మాస్టారి వాక్యం పూర్తి కాలేదు.”

“మొదలే పెట్టలేదు కదమ్మా!”

ఫోన్ మోగుతూనే ఉంది. మాస్టారు చెమట తుడుచుకున్నాడు. పిల్లలకి అలంకారాలన్నీ వల్లె వేయించే మనిషి, ఒక్క వాక్యానికి గుటకలు మింగుతున్నాడు.

“మీరు...” అన్నాడు. ఆగాడు. కళ్ళు మూసుకున్నాడు. “మీరున్న ఇల్లే ఇల్లు.”

కత్తెర ఒక్క అక్షరం తీయకుండా టైపు కొట్టింది. తెర మీది వాక్యాన్ని పెదనాన్న కళ్ళజోడు సవరించుకుని మరీ చదివాడు. మాస్టారిని ఎగాదిగా చూశాడు. చివరికి ఫోనెత్తాడు.

“నమస్కారమండీ. మన్నించాలి, మా అమ్మాయి మనసు వేరేచోట ఉందిట. నాకూ ఇప్పుడే తెలిసింది.”

“పేజీ వెయ్యమంటారా లేదా?” మెషిన్‌మాన్ మళ్ళీ అరిచాడు.

కత్తెర మాస్టారి కళ్ళలోకి సూటిగా చూసింది. “అచ్చయ్యాక ఇక మార్చడం కుదరదు. బాగా ఆలోచించుకున్నారా?”

“ఒక్క కామా కూడా మార్చను.”

“వేసెయ్ బాబాయ్!” అంది ఆమె.